అక్క కొలిచిన బోర్డులు

మా టెస్టింగ్ అక్క పోయిందని ఆమె కూతురు సూరారం నుంచి ఫోన్ చేసింది. ఆమె నాకు చుట్టం కాదు. అయినా నాకున్న కాస్త బుద్ధిలో సగం ఆమె పెట్టిందే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మేడ్చల్‌లో ఒక చిన్న కంపెనీలో చేరాను. దూరంగా ఉన్న రెండు భవనాల మధ్య తీగ లేకుండా నెట్‌వర్క్ కలిపే వైర్‌లెస్ డబ్బాలు చేసేవాళ్లం. నేను కోస్తా నుంచి వచ్చిన కొత్త ఇంజనీరును, అన్నీ తెలుసనుకునే వయసు. డబ్బాలోని రేడియోను నడిపించే డ్రైవర్ ప్రోగ్రాం రాయడం నా పని. అక్కది కొలిచే పని. డబ్బాల్లో బిగించే రేడియో బోర్డులన్నీ ఒకే నమూనావే అయినా, సిగ్నల్‌కు ఒకే పవర్ ఇవ్వమంటే ఒకటి ఎక్కువిస్తుంది, ఇంకోటి తక్కువిస్తుంది. ఆ తేడాను మీటరు మీద చూసి, ఏ బోర్డుకు ఎంత సరిచేయాలో అక్క నోటుబుక్కులో రాసుకునేది. ఆ లెక్కనే ఫైలుగా ఆ బోర్డులోకి ఎక్కించేది. డబ్బా ఆన్ కాగానే నా డ్రైవర్ ఆ ఫైలు చదివి రేడియోకు అందించాలి.

కొలిచే ముందు అక్క ప్రతి బోర్డునూ ఆన్ చేసి ఇరవై నిమిషాలు వదిలేసేది. మధ్యలో వేళ్ల వెనకవైపు ఆనించి, పిల్లలకు జ్వరం చూసినట్టు చూసేది. నేను తొందరపెడితే నవ్వేది.

"సల్లటి బోర్డు నిజం జెప్పది తమ్మీ. జర వేడెక్కనియ్యి. గంతల చాయ్ తాగు."

ఫైలు దొరక్కపోతే డబ్బా ఆగిపోకూడదని, మొదటి బోర్డు లెక్కను డ్రైవర్‌లోనే పెట్టి, అదే వాడుకునేలా రాశాను. గొప్ప తెలివనుకున్నాను. తీరా చూస్తే డ్రైవర్ తొందరపడి, ఫైళ్లున్న మెమరీ సిద్ధం కాకముందే వెతికేది. ఏ డబ్బాలోనూ ఫైలు దొరకలేదు, అన్నీ చడీచప్పుడు లేకుండా మొదటి బోర్డు లెక్కతోనే నడిచాయి. బల్ల మీద పక్కపక్కన పెడితే బాగానే కలిశాయి. శామీర్‌పేట దగ్గర ఒక కాలేజీ మిద్దెల మీద బిగించాక సగం మూగబోయాయి.

"ఆవిడ కొలతలే తప్పయ్యుంటాయి. ఈ నెలతో మానేయమని చెబుదాం" అన్నారు ఓనరు గారు.

ఆ సాయంత్రం ప్రోగ్రాం తిరగేస్తే తప్పు నాదేనని తేలింది. ఆమె ఉద్యోగం మీదే ఇల్లు నడుస్తోందని నాకు తెలుసు. అయినా రెండు రోజులు నోరు విప్పలేదు. ఇప్పుడు తలచుకున్నా సిగ్గేస్తుంది.

మూడో రోజు అక్క నోటుబుక్కు చంకలో పెట్టుకుని నాతో ఆ కాలేజీ మిద్దె ఎక్కింది. ఒక్కో డబ్బా ఏ లెక్క వాడుతోందో కంప్యూటర్లో చూపించమంది. నాలుగు చూసి ఆగిపోయింది.

"గిదేంది, అన్నిట్ల ఒక్కటే లెక్క ఉన్నది? నేను గిట్ల రాయలే."

నేను తల దించుకున్నాను. ఆమెకు అర్థమైంది. తిట్టలేదు.

"నువ్వు జెప్తవా, నేను జెప్పాల్నా?" అంది.

నేనే చెప్పాను. ఓనరు గారు నా మీద గట్టిగా అరిచారు. అక్కే అడ్డుపడింది.

"తప్పు దొరికింది గద సార్. ఇగ పని జేస్కోనియ్యుండ్రి."

మెమరీ సిద్ధమయ్యేదాకా డ్రైవర్ ఆగేలా మార్చాను. అప్పటికీ ఫైలు లేకపోతే ఏం చేయమంటావని అక్కనే అడిగాను.

"లేకుంటే లేదని జెప్పి ఆగాలె. ఊకె ఉన్నట్టు నడ్వొద్దు."

అలాగే రాశాను. డబ్బాలన్నీ పలికాయి.

అక్క పోయిన పదో రోజున సూరారం వెళితే ఆమె కూతురు ఆ పాత నోటుబుక్కు నా చేతిలో పెట్టింది. ఫిర్యాదు వచ్చిన ప్రతి బ్యాచ్‌కూ కారణం రాసే గడి అందులో ఉండేది. దాన్ని ప్రతి నెలా ఓనరు గారికి చూపించాలి. శామీర్‌పేట బ్యాచ్ ఎదురుగా ఏం రాసి ఉంటుందోనని, ఇన్నేళ్ల తర్వాత కూడా భయపడుతూనే తెరిచాను. నీలం ఇంకులో ఆమె గుండ్రటి అక్షరాలు:

"ఫైలు చదవలే. తమ్ముడు తానే చెప్పిండు."

ఆ వరుస మీద వేళ్ల వెనకవైపు ఆనించి చూశాను.