చిన్న కారుకు పెట్టిన పెద్ద ఇంజన్

రాజధాని కర్నూలులో ఉన్న రోజులవి. ప్రొద్దుటూరులో మైదుకూరు దారిన మా బావకూ నాకూ కలిపి ఒక మోటారు షెడ్డు ఉండేది. బావంటే మా అక్క మొగుడు. యుద్ధకాలంలో మిలిటరీ వర్క్‌షాపులో నాలుగేళ్ళు పనిచేసి వచ్చినవాడు. బండి షెడ్డులోకి మలుపు తిరుగుతుండగానే ఏ సిలిండరు కొట్టడం లేదో చెప్పేవాడు. నాకు పని నేర్పింది ఆయనే. వాళ్ళ కాపురం షెడ్డు వెనక రెండు గదుల్లో. పెళ్ళయి ఏడేళ్ళు, పిల్లలు లేరు. నేనూ వాళ్ళతోనే ఉండేవాణ్ణి.

ఒకరోజు పొద్దున పులివెందుల వైపు నుంచి ఒక లారీ వచ్చి ఆగింది. దాని వెనక తాడుకు కట్టిన చిన్న ఆకుపచ్చ కారు. రెండే సీట్లు. పైన గుడ్డ కప్పు, అదీ మడిచేసి ఉంది. తలుపులు మోకాలెత్తు. చక్రాలకు సైకిలు చక్రాలకు మల్లే ఊచలు. అటువంటి కారును మద్రాసులో చూశానని బావ అన్నాడు గాని, నేను చూడటం అదే మొదలు. కారు స్టీరింగు పట్టుకుని ఉన్న మనిషికి పాతికేళ్ళుంటాయి. సింహాద్రిపురం దగ్గరి పల్లెలో పెద్ద కమతం ఉన్న ఇంటివాడు. మద్రాసులో చదువుకునే రోజుల్లో, స్వదేశానికి వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర ఆ కారు కొన్నాడట.

బావ బానెట్ ఎత్తి కాసేపు చూశాడు.

"నీళ్ళు లేకుండా నడిపినావా అప్పా?"

"నడిపినా. రేడియేటర్ కారిపోతాంటే చూసుకోలా."

"బ్లాకు పగిలింది. అతికినా నిలవదు. కొత్తది దొరల సీమ నుంచి రావల్ల."

"మద్రాసంతా తిరిగినా. యాడా లేదన్నారు." అతను రేడియేటర్ మీద చెయ్యి వేసి అన్నాడు. "మా నాయన కారొకటి ఇంటికాడ ఉండాది. అమెరికా కారు, ఆరు సిలిండర్లది. దాని ఇంజన్ దీనికి పెడతారేమోనని వచ్చినా."

బావ నవ్వాడు. "ఆ ఇంజన్ ఈ కారంత ఉంటాది గదప్పా."

"మా నాయన పోయి యాడాదైంది. ఆ కారు బాడీ అంతా తుప్పు పట్టింది. ఇంజన్ మాత్రం నిన్నటిదాని మాదిరి ఉండాది. పాత ఇనుముకు వేయలేను. దొడ్లో పెట్టుకొని చూస్తా ఉండలేను."

బావ నవ్వు ఆపేశాడు. ఆయన బర్మా సరిహద్దులో ఉండగా వాళ్ళ నాయన చనిపోయాడు. కబురు అందేసరికి పెద్దకర్మ కూడా అయిపోయింది. ఆ సంగతి ఒక్కసారే చెప్పాడు నాకు, అదీ స్పానరు కోసం వెతుకుతూ. ఇప్పుడు ఆ యువకుడి మొహం చూసి, "ఒకతూరి వచ్చి చూస్తాం," అన్నాడు.

ఆ వారమే పోయాం. పెద్ద కారు గొడ్ల చావిడిలో ఒక మూలకు ఉంది. వెనక సీటులో కోడి పొదుగుతోంది. బావ ప్లగ్గులు విప్పి, లోపల నూనె పోసి, పెట్రోలు పోసి, హ్యాండిల్ తిప్పాడు. నాలుగో తిప్పుకు ఇంజన్ అందుకుంది. ఆ చప్పుడుకు ఇంట్లోంచి ఆ యువకుడి తల్లి వాకిట్లోకి వచ్చింది. ఎవరో వస్తున్నట్టు వీధి వైపు చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. తిరుగుదారిలో బావ, "పెడదాంలే," అన్నాడు.

పని రెండు నెలలు పట్టింది. ఇంజన్ పొడవుకు చోటు చాలక, కాళ్ళ దగ్గరి రేకును కోసి వెనక్కి జరిపాం. రేడియేటర్ ముందుకు పోయింది. మూడు దుంగలు నిలబెట్టి, గొలుసు కప్పీతో ఇంజన్‌ను ఎన్నిసార్లు దించామో, ఎన్నిసార్లు ఎత్తామో లెక్క లేదు. ప్రతిసారీ ఏదో ఒకటి తగులుకునేది. ఒకసారి స్టీరింగు కడ్డీ, ఒకసారి నూనె తొట్టి. బావ అట్టముక్క కత్తిరించి చోటు కొలిచేవాడు, దాని ప్రకారం నేను ఇనుప పలక కోసేవాణ్ణి. ముందు వైపు బరువు ఆపడానికి స్ప్రింగు కమాన్లకు రెండేసి పట్టీలు ఎక్కువ వేశాం. వెనక ఇరుసుకు పోయే షాఫ్టు కోసి పొట్టి చేశాం. ఆ రెండు నెలలూ ఉన్నంత సంతోషంగా నేను మరెప్పుడూ లేను. అన్నానికి పిలవడానికి అక్క వచ్చి, మా ఇద్దరి కాళ్ళే కారు కింద కనబడుతుంటే, "తలకాయలు యాడ పెట్టినారు?" అనేది.

మిగిలింది బ్రేకులు. ఆ కారు బ్రేకులు తేలికపాటి కారుకు చేసినవి. ఇప్పుడు కారు ముందు భాగంలో దాదాపు రెట్టింపు బరువు ఉంది, వేగం సంగతి చెప్పనే అక్కర్లేదు. పెద్ద బ్రేకు డ్రమ్ములు కావాలని బావ మద్రాసుకు రాశాడు. పార్సిలు ఎర్రగుంట్ల స్టేషన్‌కు రావాలి. పదిరోజులైనా రాలేదు.

ఆ లోపల చాపాడు దాకా ఒకసారి పోయి వచ్చాం. బావే నడిపాడు, ఎద్దులబండి కంటే కాస్త మేలుగా. బ్రేకు వేస్తే ఆగింది. ఆ ఆగడమే నన్ను చెడగొట్టింది.

కారు తీసుకుపోవడానికి ఆ యువకుడు శుక్రవారం వస్తానని కబురు పంపాడు. బుధవారం పొద్దున నేను బావను అడిగాను.

"జమ్మలమడుగు దాకా పోయొద్దాం. రోడ్డు మీద ఒకతూరి సాగదీస్తే గదా ఇంజన్ సంగతి తెలిసేది."

"డ్రమ్ములు రానీ అప్పా."

"నిమ్మళంగా పోదాం. చాపాడు పోయొచ్చినాం గదా, ఏమైంది?"

ఆయన చేతులు తుడుచుకుంటూ కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. ముందు చక్రం దగ్గర కూర్చుని లేచాడు. తర్వాత ఇంట్లోకి వెళ్ళి, అక్కతో ఏదో చెప్పి, తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. "సరే, నువ్వే తోలు," అన్నాడు.

ఊరు దాటేదాకా నిమ్మళంగానే పోయాను. తర్వాత రోడ్డు తిన్నగా పడింది. రెండు వైపులా నల్లరేగడి చేలు, జొన్న కోసేసిన మోళ్ళు. పడమర గండికోట కొండలు సన్నగా కనబడుతున్నాయి. యాక్సిలరేటర్‌ను కాలితో కొంచెం నొక్కాను. ఆ కారు మమ్మల్ని వెనక్కి తోసి ముందుకు పోయింది. అటువంటిది నా జన్మలో ఎరగను. మేం చేతులతో కోసి, అతికి, నిలబెట్టిన వస్తువు అట్లా పరుగెత్తుతుంటే నాకు కళ్ళ వెంబడి నీళ్ళు వచ్చాయి, గాలికో దేనికో. బావ వైపు చూశాను. ఆయనా నవ్వుతున్నాడు. ఒక చేత్తో తలుపు అంచు పట్టుకుని ఉన్నాడు.

కాసేపటికి, "చాలప్పా," అన్నాడు.

నేను వినబడనట్టు ఉండిపోయాను. వినబడింది.

జమ్మలమడుగుకు ఇవతల ఒక వాగు ఉంది. రోడ్డు అక్కడ కిందికి దిగి, చిన్న రాతి మోరీ మీదుగా మళ్ళీ పైకెక్కుతుంది. నేను దిగుడులో పడేసరికి, అవతలి నుంచి నాపరాళ్ళ బండి ఒకటి మోరీ మీదికి వచ్చి ఉంది. బండి తన దారిన తాను, ఒక పక్కగానే వస్తోంది. ఇంకొకడైతే తప్పించుకుని పోగలిగినంత దారి ఉంది. నేను బ్రేకు మీద నిలబడ్డాను. ముందు బరువుకు కారు మూతి కిందికి వంగి ఎడమకు లాగింది. ఎంత తిప్పినా స్టీరింగు మాట వినలేదు. మోరీ గోడకు కొట్టుకున్నాం. నా జబ్బ ఎముక విరిగింది. బావ ఎగిరి వాగులో రాళ్ళ మీద పడ్డాడు.

బండాయన ఎద్దులను వదిలేసి పరుగెత్తి దిగాడు. నలభై ఏళ్ళ మనిషి, సన్నగా ఉన్నాడు. బావను చూసి, నన్ను చూసి, ఒక్క మాట అనకుండా బండి మీది నాపరాళ్ళు ఒక్కొక్కటే దించి రోడ్డు పక్కన పెట్టాడు. నేను ఒక చేత్తో సాయం పట్టబోతే వద్దన్నాడు. బండిలో తన దుప్పటి పరిచి, బావను ఎత్తి పడుకోబెట్టాడు. జమ్మలమడుగు ఆసుపత్రికి తోలుకుపోతుండగా బావ ఒకసారి కళ్ళు తెరిచాడు. నన్ను గుర్తుపట్టాడో లేదో తెలియదు. ఊరి మొదట్లోకి వచ్చేసరికి ప్రాణం పోయింది.

ఆసుపత్రి వాకిట్లో జనం చేరారు. ఎట్లా జరిగిందని ఎవరో అడిగారు. నేను నిలబడి ఉన్నాను, బండాయన నా పక్కనే ఉన్నాడు.

"బండి అడ్డమొచ్చింది. ఎద్దు బెదిరింది," అన్నాను.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు. ముందుగా అనుకున్నది కాదు. బండాయన తల తిప్పి నావైపు చూశాడు. తర్వాత తన ఎద్దుల వైపు చూశాడు. పోలీసులు రాసుకున్నదీ అదే, అక్కకు చేరిందీ అదే.

శుక్రవారం ఆ యువకుడు వచ్చాడు. షెడ్డు ముందర నేల మీద కూర్చుండిపోయాడు. "నేను అడగకుండా ఉంటే ఆయప్ప ఉండును," అన్నాడు. నేను కాదనలేదు. ఆ తప్పు కూడా కాసేపు వేరేవాళ్ళ దగ్గర ఉండనిచ్చాను. తర్వాత అతను ఇంజన్ విప్పించుకుపోయి తన బావి మీద నీళ్ళు తోడడానికి పెట్టించుకున్నాడు. కారు తుక్కును ఏం చేశాడో నేను అడగలేదు.

మద్రాసు పార్సిలు ఆ తర్వాతి వారం వచ్చింది.

అక్క నా దగ్గరే ఉండిపోయింది. షెడ్డు నడిపాను, లారీలు బాగుచేశాను. రాజధాని హైదరాబాదుకు మారింది, ఊళ్ళోకి కొత్త బస్సులు వచ్చాయి. ఐదేళ్ళు గడిచాయి. అక్క ఎప్పుడూ ఆ రోజు గురించి అడగలేదు. నాకు అన్నం వడ్డించేది, గుడ్డలు ఉతికేది, సంబంధాలు వస్తే నాకంటే ముందు తనే వాకబు చేసేది. నేను ఏదో ఒక వంక చెప్పి తప్పించుకునేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం అక్క వేరుశెనక్కాయలు వలుస్తుంటే ఎదురుగా కూర్చున్నాను. మాట ఎట్లా మొదలుపెట్టాలో తెలియక తిన్నగా చెప్పేశాను.

"ఎద్దు బెదరలేదక్కా. బ్రేకులు చాలలేదు. బావ వద్దన్నాడు, నేనే ఇన్లా."

ఆమె చేతులు ఆగలేదు. రెండు మూడు కాయలు వలిచింది.

"తెలుసు," అంది. "పోయే ముందు ఇంట్లోకొచ్చి చెప్పినాడు. బ్రేకులు సరిగ్గా లేవు, అయినా వాడు ముచ్చట పడతాండాడు, పక్కన నేనుంటే కాస్త నిమ్మళంగా తోలుతాడు, అన్నాడు."

"మరి ఇన్నేండ్లు ఎందుకు అడగలేదక్కా?"

"నువ్వు చెప్తావని చూసినా. ఏడాదికి చెప్తావనుకున్యా. రెండేండ్లకు చెప్తావనుకున్యా." చేట పక్కన పెట్టింది. "నాకు చెప్పినావు సరే. ఆ బండాయనకు చెప్పినావా?"

మర్నాడే బస్సెక్కాను. జమ్మలమడుగుకు ఇవతల పల్లెలో ఆయన ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. ఇంటి ముందర బండి లేదు, ఎద్దులు లేవు. ఆయన నాపరాళ్ళ గనిలో కూలికి పోతున్నాడని చెప్పారు. సాయంత్రం దాకా కూర్చున్నాను. ఒళ్ళంతా తెల్లటి దుమ్ముతో వచ్చాడు. నన్ను చూసి గుర్తుపట్టి, చాప తెమ్మని లోపలికి కేక వేశాడు.

నేను చాప మీద కూర్చోలేదు. నిలబడే చెప్పాను. ఎద్దు బెదరలేదని, తప్పు నాదని, ఆ రోజు అబద్ధం ఆడానని.

ఆయన కోపం తెచ్చుకుంటాడనుకున్నాను. చాలాసేపు అర్థం కానట్టు చూశాడు.

"బెదరలేదా?" అన్నాడు.

"లేదు."

"ఎడమ దిక్కు కట్టింటి, దాపటెద్దు. అది కూడా బెదరలేదా?"

"లేదు."

"నేను రాళ్ళ దిక్కు చూస్తా ఉంటి. నువ్వు చెప్తే, అది జరిగింటాది, నేనే చూసుకోలేదనుకుంటి." ఆయన గోడకు ఆనుకున్నాడు. "ఆ పొద్దు ఇంటికొచ్చి దాన్ని కొట్టినానప్పా. దూడప్పటి నుంచి ఒక్క దెబ్బ వేసినోణ్ణి కాదు. మనిషి పానం తీసిందని కొట్టినా. అది నిలబడి నన్నే చూస్తాండె. పది దినాలకు రెండిట్నీ సంతలో ఇచ్చేసినా. మళ్ళ బండి కట్టలా."

క్షమించమని అడగడానికి వెళ్ళాను. ఆ మాట నోటికి రాలేదు. అడిగితే ఆయన సరే అనేవాడేమో. ఆయన మొహం చూస్తే, ఇంకా ఆ ఎద్దు దగ్గరే ఉన్నాడు.

ఇంటికి వచ్చి అక్కకు అంతా చెప్పాను. ఆమె గడప మీద కూర్చుని విన్నది. విన్నాక ఏడ్చింది. బావ పోయినప్పుడు కూడా ఆమె నా ఎదుట ఏడ్చి ఉండలేదు.

ఆ వచ్చే ఆదివారం నన్ను వెంటబెట్టుకుని తనే ఆ పల్లెకు పోయింది. ఆయన ఊళ్ళో లేడు. ఆయన భార్య చాప వేసి, చెంబుతో నీళ్ళిచ్చింది. ఇద్దరూ లోపల కూర్చుని ఎండ తగ్గేదాకా మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు. నేను బయట అరుగు మీద కూర్చున్నాను.