పచ్చాకు ఫొటో

లెక్క నేను బొగ్గు యార్డులో కాటా దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. బడిలో చదివింది తక్కువ. లారీ ఖాళీగా వచ్చినప్పుడు ఒక బరువు, నిండి పోయేటప్పుడు ఇంకో బరువు. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే బొగ్గు. మెషీను చీటీ కక్కేలోపే నేను నోటితో చెప్పేవాణ్ని. కాంట్రాక్టు చేతులు మారాక కాటాకు మనిషి అక్కర్లేకుండా పోయింది. నా భార్య పుట్టింటివాళ్లు చండ్రుగొండలో అడ్డాకు విస్తరాకుల వ్యాపారం చేసేవాళ్లు. వాళ్లు మానేసిన పని నేను అందుకున్నాను.

అడవి అంచున ఒక గూడెం ఉంది. అక్కడ ఆరిళ్ల ఆడవాళ్లు ఎండాకాలమంతా అడ్డాకు కోసుకొచ్చి, ఆరబెట్టి, సన్నని వెదురు పుల్లలతో విస్తరాకులు కుడతారు. నేను వందేసి విస్తర్ల కట్టలు కట్టించి పెళ్లిళ్లకు అమ్మేవాణ్ని. బజారులో వెండిరంగు పేపరు ప్లేట్లు వచ్చాక అడిగేవాళ్లు తగ్గారు. ఈ ఏడు మా ముందుగది కట్టలతో దూలాల దాకా నిండిపోయింది. వానలు పడేలోపు అవి కదలాలి. తేమ తగిలితే ఆకుకు బూజు పడుతుంది. సరుకు కదలకపోతే గూడెంలో కొత్తాకు కొయ్యమని చెప్పలేను. పని లేని ఆడవాళ్లు కూలికి పోతారు. ఒకసారి పోయినవాళ్లు మళ్లీ పుల్ల పట్టుకుని కూర్చోరు. నా మామగారి వ్యాపారం పోయింది అలాగే.

ఫోన్లో ఫొటోలు పెట్టి అమ్ముకోవచ్చని మా బజారు ఫొటో స్టూడియో అతను చెప్పాడు. తనే నా పేజీ తెరిచి, కింద నా నంబరు పెట్టాడు. నేను తీసిన మొదటి ఫొటో చూసి నవ్వాడు.

"అన్నా, గిదేంది? మట్టిరంగు ఆకు, మట్టిరంగు పుల్ల. ఎవడు చూస్తడే దీన్ని?"

"తినేటోడు చూస్తడు."

"తినేటోడు ఫోన్ల తింటడా? బొటనేలు పైకి గుంజుకుంట పోతాంటది, నీ దగ్గర టక్కున ఆగాలె. పచ్చగుండాలె. నాలుగు నీళ్లు సల్లి, ఎండకెదురు పెట్టి తియ్."

గూడెంలో ఆ ఆరిళ్లకూ పెద్దదిక్కు ఒక ముసలమ్మ. అప్పుడే కోసుకొచ్చిన ఆకుతో ఒక విస్తరి కుట్టివ్వమని ఆమెను అడిగాను. కుట్టింది గానీ నన్ను వదల్లేదు.

"పచ్చిదేం జేస్తవు కొడుకా? రేపటికి ముడుసుకపోతది."

"ఫొటోకమ్మా."

"అవ్, పెండ్లి గాకముందే బారసాల జేసినట్టున్నది నీ యాపారం."

పక్కన కుడుతున్నవాళ్లంతా నవ్వారు. నేను కూడా నవ్వి, ఆకు మీద నీళ్లు చిలకరించి ఫొటో తీశాను.

ఆ ఫొటోకు గుండె గుర్తులు వానలా పడ్డాయి. ఎక్కడెక్కడివాళ్లో "ప్రకృతి", "మన సంప్రదాయం" అని రాశారు. నేను అన్నం తింటూ కూడా లెక్క చూసుకునేవాణ్ని. వందమందిలో ఒక్కడు కొన్నా గదిలో సగం ఖాళీ అవుతుందని నా అంచనా. వారం గడిచినా ఒక్కడూ కొనలేదు. అప్పుడు కాటా లెక్క వేశాను. ఈ గుండెల్లో లారీ బరువెంత, బొగ్గెంత? ఖాళీ లారీ ఒక్కటైనా తూచి ఉంటే తెలిసేది. ఇక్కడ దేన్నని తూచను?

"ఇయ్యాల ఎన్నొచ్చినయి?" అని నా భార్య అడిగేది.

చెప్పేవాణ్ని.

"మంచిగున్నది. వాటితోని పులుసు పెట్టమంటవా, ఏపుడా?"

చివరికి నగరం నుంచి ఒకామె గృహప్రవేశానికి కొన్ని కట్టలు అడిగింది. మంచివి ఏరి పంపాను. ఫంక్షన్ రోజు మధ్యాహ్నమే ఫోను చేసింది.

"ఏంటండీ ఇది? ఫొటోలో పచ్చగా ఉన్నాయి, మాకేమో ఎండుటాకులు పంపారు. వడ్డించగానే పగిలిపోయాయి. కొత్త ఇల్లు, పప్పుచారంతా నేల మీద పారుతోంది."

"నీళ్లు సల్లిన్రా అమ్మా, వడ్డించేముందు?"

"నీళ్లెందుకు?"

మా వైపు విస్తరి ముందు కూర్చున్న పసివాడు కూడా అన్నం రాకముందే నీళ్లు చల్లి చేత్తో తుడుస్తాడు. తడి తగిలాకే ఎండుటాకు మెత్తబడి వంగుతుంది. ఇది ఒకరికి చెప్పాల్సిన సంగతని నాకు ఎన్నడూ తోచలేదు. గాలి పీల్చుకోమని ఎవరైనా రాసి పంపుతారా?

"ఇప్పుడు సల్లండమ్మా, మెత్తగయితయి."

"పచ్చగా అవుతాయా?"

"పచ్చగ కావమ్మా."

ఫోను పెట్టేసింది. సాయంత్రానికి పగిలిన విస్తరి ఫొటో నా ఫొటో కిందనే కనబడింది, "మోసపోకండి" అనే మాటతో. డబ్బు తిరిగి పంపాను. ఆ మాట మాత్రం అక్కడే ఉంది. తర్వాత వచ్చినవాళ్లు ముందు అదే చదివేవాళ్లు.

మబ్బులు మొదలైన రోజుల్లో ఒక క్యాటరింగ్ అతను రాశాడు. పెద్ద పెళ్లి, గదిలో ఉన్నంత సరుకూ పడుతుంది. షరతు ఒక్కటే. ఫొటోలో ఉన్నట్టే పచ్చవి కావాలి. గూడేనికి పరుగెత్తాను. ఆరిళ్లూ కూర్చుంటే పచ్చివి ఎన్ని కుట్టగలరో దారిలోనే లెక్క తేలింది; పెళ్లికి చాలవు. ఎండువాటిని కట్టకు అడుగున వేసి పైన పచ్చివి కప్పే ఆలోచన కూడా వచ్చింది. ముసలమ్మ ఏమీ వాదించకుండా ఒక కట్ట పచ్చివి కుట్టించి, తాడేసి బిగించి, మూల పెట్టింది.

"రేపు పొద్దుగాల వచ్చి లోపట చెయ్యి పెట్టు."

పెట్టాను. కట్ట లోపల జ్వరమొచ్చిన ఒళ్లులా కాలుతోంది. విప్పితే నడిమి ఆకులు నల్లబడి వాసనొచ్చాయి.

"గిట్లనే ఉడుకుతది. అందుకే ఎండబెట్టుడు," అంది. "మీ ఫోన్లోల్లకు ఎరుక లేదా?"

ఎండువే ఉన్నాయి, నీళ్లు చల్లి వడ్డిస్తే పగలవు, కావాలంటే ఒక కట్ట ఊరికే పంపుతాను, చూసుకోండి అని క్యాటరింగ్ అతనికి రాశాను. అతను చదివినట్టు గుర్తు పడింది. జవాబు రాలేదు. మర్నాడు ఫోను చేస్తే ఎత్తలేదు.

పచ్చాకు ఫొటో తీసేసి ఎండాకు ఫొటో పెట్టాను. నీళ్లు చల్లే పద్ధతి నా భార్య చేసి చూపిస్తే వీడియో తీసి అదీ పెట్టాను. స్టూడియో అతను చూసి, "అన్నా, దుకాణం బందు జేసినవా ఏంది?" అన్నాడు. వీడియోకు వచ్చిన గుండెలు లెక్క పెట్టడానికి చేతివేళ్లు చాలు. అందులో ఒకటి మా బావమరిదిది. పగిలిన విస్తరి కథ అప్పటికే ఊళ్లు తిరిగింది. దాని వెనక నేను ఎంత పరుగెత్తినా అందలేదు.

మొదటి వాన పెద్దదే పడింది. తెల్లారి గది తలుపు తీస్తే గోడవైపు కట్టల మీద తెల్లగా బూజు. గోడ పక్క వరుస ఒక్కటేనేమో అనుకుని లాగి చూశాను. మూడో వరుస దాకా పాకింది. నా భార్య గడపలో నిలబడి చూసింది. ఈసారి ఏమీ అనలేదు. ఆమె ఏదైనా అంటే బాగుండునని నాకనిపించింది.

గూడేనికి పోయేసరికి ఆడవాళ్లంతా ముసలమ్మ వాకిట్లోనే ఉన్నారు. ఆమె ఒళ్లో సగం కుట్టిన విస్తరి ఉంది.

"కారేపల్లి దిక్కు పత్తి గింజలు పెట్టుడు మొదలైందట. ఈళ్లను రమ్మంటున్నరు. నువ్వు ఆకు కొయ్యమంటే ఆగుతరు. చెప్పు కొడుకా, కొయ్యాల్నా, వద్దా?"

అందరూ నా వైపే చూస్తున్నారు. ఆగమంటే ఆగేవాళ్లే. ఆగినన్నాళ్లు వాళ్ల పొయ్యి దేనితో వెలగాలో నా దగ్గర లెక్క లేదు.

"వద్దమ్మా."

"మల్ల ఎప్పుడంటవు?"

"తెల్వదు."

ముసలమ్మ ఒళ్లో ఉన్నది సగంలో వదల్లేదు. పుల్ల విరిచి, గుచ్చి, అంచు దాకా కుట్టి పక్కన పెట్టింది. వెదురు పుల్లల కట్టను చూరులో దోపి, చేతులు దులుపుకుంది.

"అయితే ఆటోకు ఫోన్ జెయ్. ఆరిళ్లోల్లం పట్టాలె. మాకాడ నంబరు లేదు."

ఫోను తీసి ఆటో అతని నంబరు నొక్కాను. ఎంతమంది అని అడిగాడు. వాళ్లను ఒక్కొక్కరినే చూస్తూ లెక్కపెట్టి చెప్పాను.