చింతపండుతో తోమిన సిలిండర్

నా చిన్నప్పుడు మా కారు చలికాలమంతా బయట మంచులోనే ఉండేది. గరాజ్‌లో దాని చోటుని మా బాబాయి మోటర్‌సైకిల్ ఆక్రమించుకుంది. అప్పుడు మేము అమెరికాలో, నోవై అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. నాన్న కార్ల కంపెనీలో ఇంజనీరు. పొద్దున్నే లేచి కారు అద్దం మీద మంచు గీక్కోవడం ఆయనకేమీ సరదా కాదు. కానీ ఆ పాత మోటర్‌సైకిల్‌ని చలిలో వదిలేయడానికి మాత్రం మనసొప్పేది కాదు.

బాబాయి నాన్నకి ఒక్కడే తమ్ముడు. చదువుకోవడానికి వచ్చి మా ఇంట్లోనే ఉండిపోయాడు. ఎవరో పారేయబోతున్న బండిని తెచ్చుకుని, అమ్మ ఎంత మొత్తుకున్నా వినకుండా రెండు వేసవులు దాని మీద తిరిగాడు. తర్వాత ఒకరోజు ఇంజన్ పట్టేసింది. ఆ ఏడాదే అతనికి రక్తంలో జబ్బని తేలింది. నాకు పదేళ్ళు. నాకు తెలుగు అంతంత మాత్రమే వచ్చన్న ధైర్యంతో పెద్దవాళ్ళు నా ముందు ఇంగ్లీషు మానేసి తెలుగులో మాట్లాడుకునేవారు. క్రిస్మస్ దాకా ఉంటాడో లేదో అన్న మాట మాత్రం నాకు బాగానే అర్థమైంది.

బాబాయి పెద్ద కోరికలేమీ కోరలేదు. ఆ ఇంజన్ మోత ఇంకొక్కసారి వింటే చాలన్నాడు. అతని మంచం ముందుగదిలో వేశారు. గోడకి అవతలే గరాజ్. నాన్న ఆఫీసు నుంచి రాగానే కోటైనా విప్పకుండా అటే వెళ్ళేవారు. ఇంజన్ అంతా విప్పి, ఒక్కో భాగాన్నీ శుభ్రం చేసి, నూనె రాసి, పాత గుడ్డలో చుట్టి, విప్పిన వరసలోనే బల్ల మీద పేర్చారు. వాటిని ఎవరూ ముట్టుకోవద్దని ఇంట్లో అందరికీ చెప్పారు. ఆ 'ఎవరూ'లో నేను లేననుకున్నాను.

నవంబరు ఆఖర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ అయిన వారం సిలిండర్‌ని షాపులో బాగు చేయించి తెచ్చారు. పిస్టన్ పైకీ కిందికీ ఆడే ఇనప గొట్టం అది. దాని లోపలి గోడ పాడైపోతే ఇంజన్ ఇక పనికి రాదు. దానికీ నూనె రాసి, గుడ్డ చుట్టి పెట్టారు. ఆదివారం మా ఇంట్లో బాబాయి కోసం ప్రార్థన ఉంది, అది అయ్యాక ఇంజన్ బిగించి స్టార్ట్ చేస్తానన్నారు. బాబాయి ఆ మాట విని, చాలా రోజుల తర్వాత గడ్డం గీయించుకున్నాడు.

శుక్రవారం నేను స్కూలు నుంచి వచ్చేసరికి అమ్మ ప్రార్థనకి వచ్చేవాళ్ళ కోసం గిన్నెలు తోముతోంది. పులుసు పిసకగా మిగిలిన చింతపండు పిప్పిని అమ్మ ఎప్పుడూ పారేసేది కాదు. రాగి అడుగు గిన్నెలకి రాసి, కాసేపు అలా వదిలేసి కడిగితే అవి తళతళలాడేవి. బాబాయి కోసం నేనూ ఏదైనా చెయ్యాలని అప్పటికి ఎన్నాళ్ళ నుంచో ఉంది. నీళ్ళ గ్లాసు అందించడం తప్ప నాకెవరూ ఏ పనీ చెప్పేవారు కాదు. అమ్మ చూడకుండా కాస్త పిప్పి తీసుకుని గరాజ్‌లోకి వెళ్ళి సిలిండర్ గుడ్డ విప్పాను. లోపలంతా జిడ్డు. కొత్తగా చేయించిన దానికి ఇంత జిడ్డేమిటని నాన్న మీద జాలేసింది. బేస్‌మెంట్ సింక్‌లో గిన్నెల సబ్బుతో ఆ జిడ్డంతా వదలగొట్టి, లోపలా బయటా పిప్పి పట్టించి, బాగా మెరవాలని రాత్రంతా అలాగే ఉంచాను. శనివారం పొద్దున కడిగి మళ్ళీ గుడ్డ చుట్టేశాను. కాస్త నల్లగా కనిపించింది కానీ, ఆరితే అదే మెరుస్తుందిలే అనుకున్నాను.

ఆదివారం ప్రార్థన అయింది. వచ్చినవాళ్ళందరూ కోట్లు వేసుకుని గరాజ్‌లో నిలబడ్డారు. ముందుగదికీ గరాజ్‌కీ మధ్య తలుపు తెరిచి, బాబాయిని దిళ్ళకి ఆనించి కూర్చోబెట్టారు. నాన్న గుడ్డ విప్పితే దానికి తుప్పు అంటుకుని వచ్చింది. సిలిండర్‌ని దీపం కిందికి పట్టుకెళ్ళి లోపలికి చూశారు. వేలు పెట్టి తడిమారు. గోడంతా గుంటలు పడ్డాయి.

"నేను ఆయిల్ రాయలేదా?" అన్నారు, తనలో తనే.

మళ్ళీ షాపుకి పంపి లోపలి గోడ అరగదీయించాలి, దానికి సరిపడేలా ఈసారి ఇంకాస్త పెద్ద పిస్టన్ తెప్పించాలి. అంత పాత బండికి అది ఎక్కడి నుంచో పోస్టులో రావాలి, నెలలు పడుతుంది. అందరూ నెమ్మదిగా కార్లెక్కి వెళ్ళిపోయారు. నాన్న సిలిండర్‌ని తీసుకెళ్ళి బాబాయికి చూపించారు. బాబాయి దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, నన్నొకసారి చూశాడు. "గరాజ్‌లో చెమ్మ ఎక్కువ అన్నయ్యా. నువ్వేం చేస్తావు!" అన్నాడు.

మర్నాడు స్కూలు నుంచి రాగానే నన్ను పిలిచి మంచం మీద కూర్చోబెట్టుకున్నాడు. తిడతాడనుకున్నాను. "పులుసు వాసన నాకు తెలీదనుకున్నావే బుజ్జీ?" అని నవ్వాడు. నేను ఏడ్చాను. ఏడుపు అయ్యేదాకా ఆగాడు. "నా సంగతి వదిలెయ్. మీ డాడీ తనే ఆయిల్ మర్చిపోయాననుకుంటున్నాడు. అది కాదని నువ్వే చెప్పాలి. నీ బదులు నేను చెబితే, నీ తప్పులు ఇంకొకళ్ళ చేత చెప్పించడం నీకు అలవాటవుతుంది. నేనుండగానే చెప్పెయ్, నేను పక్కనుంటే తిట్టడు" అన్నాడు.

సరేనన్నాను. ఆ సాయంత్రం నాన్న అలసిపోయి వచ్చారని చెప్పలేదు. మర్నాడు ఆయన కోపంగా ఉన్నారని, ఆ మర్నాడు కాస్త సంతోషంగా ఉన్నారు కదా ఎందుకు పాడుచెయ్యాలని. బాబాయి మళ్ళీ ఆ ఊసెత్తలేదు. నాన్న గదిలోకి వచ్చినప్పుడల్లా నా వైపు చూసి కనుబొమలు ఎగరేసేవాడు, అంతే. కొన్నాళ్ళకి కనుబొమలు ఎగరేసే ఓపిక కూడా లేకపోయింది. క్రిస్మస్‌కి వారం ముందు నేను స్కూల్లో ఉండగా పోయాడు.

ఆ చలికాలం నాన్న కనిపించిన ఇనప వస్తువుకల్లా నూనె రాశారు. తలుపు బందులకి, మంచు తీసే పారకి, ఆఖరికి అమ్మ కత్తెరకి కూడా. కత్తెర గుడ్డకి మరకలు పెడుతోందని అమ్మ ఒకసారి విసుక్కోబోయి, ఆయన మొహం చూసి ఊరుకుంది. చర్చిలో ఎవరు పలకరించినా ఆయనది ఒకటే మాట, "నేను కాస్త ఆయిల్ రాసుంటే వాడు వినేవాడండీ." పక్కనే నిలబడి నేను నా బూట్ల వైపు చూసుకునేదాన్ని.

పిస్టన్ వచ్చి, ఇంజన్ బిగించేసరికి మార్చి వచ్చేసింది. మూడో కిక్‌కి అందుకుంది. గరాజ్ అంతా మోత, పొగ. నాన్న బండి వైపు చూడలేదు. గోడ వైపు చూస్తూ నిలబడ్డారు. గోడకి అవతల మంచం తీసేసి అప్పటికి చాలా రోజులైంది.

ఆ మోతలో చెప్పేస్తే వినబడదని, అయినా చెప్పినట్టే అవుతుందని నా పిచ్చి లెక్క. చెప్పాను. నా పెదాలు కదలడం చూసి నాన్న ఇంజన్ ఆపేశారు. "ఏంటమ్మా?" అన్నారు. ఇక తప్పలేదు.

"అది నేనే వాష్ చేశాను, డాడీ. చింతపండుతో. నువ్వు ఆయిల్ పెట్టావు."

"రాశానా?"

"చాలా ఉంది. సోప్ పెట్టి తీసేశాను."

ఆయన రెండు చేతులూ తిప్పి చూసుకున్నారు. బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఏడ్చారు. నాన్న ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. కాసేపటికి "బాబాయికి తెలుసా?" అని అడిగారు. తెలుసన్నాను. "చెమ్మ అన్నాడు, వెధవ" అని ఏడుపులోనే నవ్వారు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని చాలా ఏళ్ళు అనుకున్నాను.

ఇప్పుడు నాన్న కూడా లేరు. ఇంట్లో గానీ ఆఫీసులో గానీ నా చేతిలో ఏదైనా పాడైతే, ఎవరూ అడగకముందే నేనే చేశానని చెప్పేస్తాను. అందరూ దాన్ని నిజాయితీ అంటారు. అది ఒట్టి భయం. మూడు నెలల పాటు మా నాన్న తన చేతుల్ని తనే అనుమానించుకుంటూ ఇల్లంతా తిరిగారు. ఆయన చేతులు ఏ తప్పూ చెయ్యలేదన్న మాట అన్నాళ్ళూ నా నోట్లోనే ఉంది.