ఆగిన ఊపిరి

నౌపడలో ప్యాసింజరెక్కి, కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే గురక పెట్టాను. ఎవరో మోకాలు తట్టి లేపారు. ఎదుటి సీట్లో, కాళ్ళ దగ్గర చేపల బుట్టతో ఒక ముసలమ్మ.

"నిద్దట్లో నీ ఊపిరి ఆగిపోతన్నాది బాబూ. డాక్టరుకి సూపించుకో."

"ఆగినా మళ్ళీ కదుల్తుందిలే అమ్మా, ఈ బండిలాగే," అన్నాను. చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు.

"మా ఆయనది మరి కదల్నేదు," అంది.

క్షమించమనడానికి నోరు రాక, కళ్ళు మూసుకుని నిద్ర నటించాను. పొందూరులో దిగుతూ ఆమె నా పక్కాయనతో, "ఈ బాబు ఊపిరాగితే తట్టి లేపండి," అని చెప్పడం విన్నాను. అప్పుడూ కళ్ళు తెరవలేదు.

రెండేళ్ళు ఆలస్యంగా పరీక్ష చేయించుకున్నాను. ఇప్పుడు ముక్కుకి మాస్కు, పక్కన గాలి మిషను. అందం సంగతెలా ఉన్నా నిద్ర బాగా పడుతోంది. జబ్బుని మొదట ఎవరు గుర్తించారని డాక్టరు అడిగితే, నాకే అనుమానం వచ్చిందని చెప్పాను.