ఊడుగకు మంచుదేశంలో చుట్టం

సింహాచలం కొండ దారిలో కోసుకొచ్చిన ఊడుగ చెట్టు కొమ్మ నా బల్ల మీద ఉంది. ఆకన్నది లేదు, అన్నీ తెల్ల పూలే. ఆ తీపి వాసన తగిలితే చాలు, సత్యవతి మేడమ్ గుర్తొస్తారు. గాజువాకలో డిగ్రీ చదివే రోజుల్లో మాకు వృక్షశాస్త్రం చెప్పేవారు. అప్పట్లో ఆవిడంటే నాకెంత కోపమో!

సీనియర్ల రికార్డు తెచ్చుకుని బొమ్మలు దించెయ్యడం మా కాలేజీలో ఆచారం. నేనూ దించాను. కాగితం పువ్వుకు గులాబి రంగు వేసి 'రేకులు' అని రాశాను. మేడమ్ సంతకం లేకపోతే ప్రాక్టికల్స్‌కు రానివ్వరు. పద్మనాభంలో వ్యవసాయం చేసే మా నాన్న ముందే చెప్పేశాడు, "ఈపాలి తప్పితే సదువు సాలమ్మా" అని.

మేడమ్ రికార్డు తిరగేసి, "ఏటమ్మా ఇది? నీ పువ్వేది?" అన్నారు.

"సీనియర్ రికార్డులో ఇలాగే ఉంది మేడమ్."

"ఆ పిల్లా పువ్వు సూళ్ళేదు. నాను సంతకం పెట్టను. గేటు కాడుంది, కోసుకురా."

ఏడుస్తూనే కోసుకొచ్చాను. తీరా చూస్తే ఆ గులాబి రంగువి రేకులు కావు, రంగు వేసుకున్న ఆకులు. అసలు పువ్వు మధ్యలో ఉంది, తెల్లగా, అగ్గిపుల్ల తలంత.

అప్పుడావిడ ఒక పుస్తకంలో బొమ్మ చూపించారు. మంచుదేశాల అడవుల్లో, దేవదారు లాంటి చెట్ల నీడన పెరిగే జానెడు మొక్క. మరుగుజ్జు డాగ్‌వుడ్ అట. దాని నాలుగు తెల్ల రేకులూ ఆకులేనట. "అయితే కాగితం పువ్వుకి చుట్టమా మేడమ్?" అన్నాను.

"పోలిక సూసి సుట్టరికం కలిపీస్తావేటి? ముందు గింజనడుగు. పండులో ఉందా, బయటుందా?"

దేవదారుదీ గింజే, కానీ దానికి పండు లేదు. ఈ మొక్క గింజ ఎర్రటి పండు లోపల ఉంది. కనుక నెత్తిన నీడనిచ్చే చెట్టు దూరపు చుట్టం. ఇది పూల మొక్కల వైపు. గింజకు రెండు పప్పులు. అలా ఒక్కో మెట్టూ దింపుకుంటూ వచ్చి, "దీని దగ్గర సుట్టం మీ ఊరి తోవలోనే ఉంది. ఊడుగ!" అన్నారు. నోరు వెళ్ళబెట్టాను. పొలానికి వెళ్తూ నేను పళ్ళు కోసుకు తిన్న చెట్టు అది.

కాగితం పువ్వు బొమ్మ మళ్ళీ గీశాను. నా పువ్వుకు ఒక పక్క పురుగు కొట్టిన చిల్లుంటే అదీ గీశాను. ఆ చిల్లు చూసి నవ్వి సంతకం పెట్టారు. ఆ ఏడు గట్టెక్కాను. రికార్డు జూనియర్లకు ఇచ్చేశాను.

మేడమ్ పోయి మూడేళ్ళు. ఆవిడ కుర్చీలో ఇప్పుడు నేను సంతకాలు పెడుతున్నాను. ఈ ఉదయం ఒక అమ్మాయి రికార్డు తెచ్చింది. కాగితం పువ్వు బొమ్మలో ఒక్క తప్పు లేదు. పక్కన పురుగు కొట్టిన చిల్లు. ఓరి దేవుడా, నా చిల్లే!

తీసిన కలానికి మూత పెట్టేశాను. "గేటు దగ్గరుంది, కోసుకురా" అన్నాను. కళ్ళనీళ్ళు పెట్టుకుని, నన్ను తిట్టుకుంటూ వెళ్ళింది. తిట్టుకోనీ. పువ్వు తెస్తుంది.