సారమ్మ వేసిన సున్నం

నర్సీపట్నం చుట్టుపక్కల కుటుంబ సమేతంగా చూడదగ్గ ప్రదేశాలున్నాయని మొన్నటిదాకా మాకే తెలియదు. కొత్తగా పుట్టిన పర్యాటక కమిటీ కరపత్రం వేసి చెప్పింది. పొద్దున్న బలిఘట్టం గుడి, మధ్యాహ్నం ఏటికొప్పాక లక్కబొమ్మలు, సాయంత్రం తెల్లదొరల సమాధులు. సమాధుల పక్కనే పిల్లలకు ఉయ్యాల, పెద్దలకు సెల్ఫీ పాయింటు. మరుగుదొడ్డి మాత్రం లేదు. చరిత్ర చూడటానికి వచ్చినవాళ్ళకు అదెందుకు?

ఆ సమాధుల చుట్టూ పాతికేళ్ళుగా తుప్పలు కొడుతున్నది సారమ్మ. మిషన్ చర్చి వీధి మనిషి, అరవై దాటాయి. ఆమెను ఎవరూ నియమించలేదు, జీతమూ ఇవ్వలేదు. చర్చికి పోయే దారిలో పాములు చేరుతున్నాయని కత్తి పట్టింది, అంతే. ఇప్పుడు అక్కడ కాపలాకు మనిషిని వేస్తారని విని, ఆ ఉద్యోగం తనదేననుకుంది. ఆశపడటానికి అర్హత పరీక్ష లేదు కదా.

ప్రారంభోత్సవం ఈస్టర్ మర్నాడు. ఈస్టర్‌కి ఆ వీధివాళ్ళంతా తమవాళ్ళ సమాధులకు సున్నం వేస్తారు. సారమ్మ తన మొగుడి సమాధికి వేసి, మిగిలిన సున్నం దొరలకూ వేసింది. రెండు పూతలు, రాతి మీది అక్షరాలతో సహా.

కమిటీ మేనేజరు నానాజీ కారు దిగి గుండె పట్టుకున్నాడు.

"ఏటిది సారమ్మా! పేర్లేవి? లోపలెవులున్నారో తెలీకపోతే ఇంక సరిత్రేటి?"

"పండగపూట ఆళ్ళనొక్కళ్ళనే నల్లగా వదిలేత్తానేటి బాబూ? ఆళ్ళకు మాత్రం ఎవులున్నారు?"

"బేగి తుడువు! అరగంటలో పెద్దలొచ్చేత్తారు!"

సారమ్మ తడి గోనెపట్టాతో తుడిచింది. పైపూత పోయింది, అక్షరాల చెక్కుడులో దిగిన సున్నం నిలిచింది. ఇన్నేళ్ళూ ఎవరికీ కనబడని పేర్లు నల్లరాతి మీద తెల్లగా తేలాయి. కమిటీ పరిరక్షణ కృషి అంటూ పెద్దలు చప్పట్లు కొట్టారు. పేపర్లో ఫొటో కూడా పడింది. అందులో ఒక మూల సారమ్మ మోచెయ్యి ఉంది.

"మరి నా ఉద్యోగం బాబూ?"

"పదో తరగతి పాసుండాలి సారమ్మా. రూలు."

డిగ్రీ ఉన్న ఒకాయన వచ్చి కాపలా కుర్చీలో కూర్చున్నాడు. తుప్పలు కొట్టడం ఆయన విధుల్లో లేదు. వానలు పడ్డాయి, సమాధులకు నాచు పట్టింది, ఉయ్యాల కింద పాము కనబడింది. కుటుంబాలు రావడం మానేశాయి.

నానాజీ సారమ్మ ఇంటికొచ్చాడు. ఆమె అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది.

"ఓపాలి రా సారమ్మా. సేవనుకో."

"ఆ డిగ్రీ బాబు ఏటి సేత్తన్నాడు?"

"రిజిస్టరు రాత్తన్నాడు."

"అయితే పామొచ్చిందని అందులో రాయమనండి. నా పేరున ఉద్యోగం కాగితం తెండి, కత్తట్టుకుని నేనొత్తాను."

కాగితం రాలేదు. కత్తి చూరులోనే ఉంది. కొత్త కరపత్రం మాత్రం వచ్చింది. సమాధుల చుట్టూ నడుమెత్తు పెరిగిన తుప్పలను అందులో ప్రకృతి అందాల కింద చేర్చారు.