పూరీలా పొంగిన బ్యాటరీ

కోతలు కోస్తానని బద్వేలులో నాకు పేరు. పోయిన ఎండాకాలం కడపలో రోబోలు గుద్దుకునే పోటీకి మా అమ్మాయి లావణ్య తను చేసిన రోబోను దింపింది. మొదటి పోటీ గెలిచాక, బాగా వేడెక్కిన బ్యాటరీని బయటికి తీసి, చల్లారితేనే ఛార్జింగ్ పెట్టాలంటూ నా ముందు పెట్టింది. నేను విసనకర్ర అందుకున్నాను.

"ఇన్నేండ్లలో నాకొకసారి ఇసిరినావా?" అంది మా ఆవిడ.

అంతలో బ్యాటరీ పూరీలా పొంగసాగింది. లావణ్య ఛార్జర్ వైరుతో వచ్చింది.

"పాపా, పెట్టొద్దు! ఉబ్బుతాండాది!"

"పొద్దున రోబో కన్నుకొట్టిందంటివి. జరుగు నాయినా."

"మీ అమ్మ మీద ఒట్టు!"

"నా మీదెందుకు? నీ మీదే ఏసుకో," అంది మా ఆవిడ.

వైరు తగిలించబోతుంటే బ్యాటరీ లాక్కుని పక్కనున్న ఇసుక బకెట్లో పడేశాను. మరుక్షణమే బుస్సుమని మంట లేచింది. లావణ్య ఆ మంట వంక, తన చేతుల వంక చూసుకుంది.

వేరే బ్యాటరీతో ఆడి ఓడిపోయింది. తిరుగు బస్సులో నా భుజం మీద తల వాల్చి, "ఈ కథ నువ్వెంత పెంచి చెప్పినా సాక్ష్యం నేను చెప్తా నాయినా," అంది.

ఆ ధైర్యంతో మా ఊళ్లో ఆ మంటను తాటిచెట్టంత చేశాను. మీకు మాత్రం ఉన్నదున్నట్టే చెబుతున్నాను, మోకాలెత్తు లేచింది.